పోలీసు ఉద్యోగాలకు అభ్యర్థులను తెస్తే గ్రాంటు ఇస్తారట, తెలుగు సంఘం తీసుకోవచ్చా?

గోదారిగట్టు
మా తెలుగు సంఘం కమిటీలో కొన్ని వారాలుగా ఇదే గొడవ. కాలిఫోర్నియాలో మేముండే చోట స్థానిక ప్రభుత్వం ఒక గ్రాంటు ప్రకటించింది. పోలీసు శాఖలో పెద్దగా కనిపించని వర్గాల నుంచి అభ్యర్థులను వెతికి తేవాలి. పోలీసు శిక్షణ అకాడమీలో అడుగుపెట్టేదాకా వాళ్ళు మధ్యలో వదిలేయకుండా చూసుకోవాలి. డబ్బు పోలీసు శాఖకు వెళ్ళదు. గుళ్ళు, చర్చిలు, భాషా సంఘాలు, యువజన బృందాలకు వస్తుంది.

నా బాధ ఏంటంటే, పోయినసారి ఇలాంటి గ్రాంటే ఇంకో సంఘానికి వచ్చింది. జాబ్ ఫెయిర్లు పెట్టారు, టీషర్టులు పంచారు, బ్యానర్లు కట్టి ఫొటోలు దిగారు. రిజిస్టర్ నిండా పేర్లు. అందులో ఎంతమంది యూనిఫాం వేసుకున్నారని అడిగితే నిర్వాహకుల దగ్గరే జవాబు లేదు. ఇప్పుడు మా ప్రెసిడెంట్ గారు ఉగాది వేడుకల్లో ఒక స్టాల్ పెడితే చాలంటున్నారు. ప్రజల డబ్బు తీసుకుని స్టాల్‌తో సరిపెట్టడం నాకు మనసొప్పట్లేదు. కమిటీలో సగం మంది అసలు ఈ జోలికే వెళ్ళొద్దంటున్నారు.

ఈ దారిలో వెళ్ళినవాళ్ళు, పిల్లల్ని పంపినవాళ్ళు ఉంటే చెప్పండి. అభ్యర్థులు ఎక్కడ ఆగిపోతున్నారు? డబ్బు దేనికి పెడితే పని జరుగుతుంది?

వేపచెట్టు
అంతా బాగానే ఉంది, మన ఇళ్ళల్లో పోలీసు అవుతానంటే ఒప్పుకునే అమ్మానాన్నలు ఎంతమంది? గ్రాంటులో సగం తల్లిదండ్రుల కౌన్సెలింగ్‌కే పోతుంది :)

నిజం_నిష్ఠూరం
నేను కమిటీలో వద్దన్న సగం వైపు. 2023 జనవరిలో సియాటిల్‌లో ఏం జరిగిందో మర్చిపోయారా? కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. 25 మైళ్ళ వేగం దాటకూడని చోట 74 మైళ్ళు. ఆ తర్వాత ఇంకో ఆఫీసర్ ఫోన్లో ఆ పిల్ల ప్రాణం విలువ గురించి నవ్వుతూ మాట్లాడటం రికార్డయింది. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయడానికి 2024 జులై వచ్చింది. కారు నడిపిన అతని మీద ప్రాసిక్యూటర్లు క్రిమినల్ కేసే పెట్టలేదు. ఇదంతా చూశాక వాళ్ళకి మనుషుల్ని సరఫరా చేయడం మన సంఘం పనా?

ఇంకోటి. సంఘానికి జనం కష్టాలు చెప్పుకోవడానికి వస్తారు. వీసా సమస్య, జీతం ఎగ్గొట్టిన యజమాని, ఇంట్లో కొట్టే మొగుడు. అదే టేబుల్ మీద పోలీసు అప్లికేషన్లు కనిపిస్తే, వీసా స్టేటస్ పోయి భయంతో ఉన్న మనిషి ఆ గుమ్మం తొక్కుతాడా?

పాలమూరు_పిల్లోడు
నిష్ఠూరం అన్న చెప్పింది నిజమే. 2015లో అలబామాలో మనవడిని చూసుకోవడానికి వచ్చిన గుజరాతీ తాతని, ఇంగ్లిష్ రాదన్నా వినకుండా కింద పడేసి పక్షవాతం వచ్చేలా చేశారు. ఆయన చేసిన నేరం ఇంటి ముందు నడవడం.

కృష్ణాతీరం
మీరిద్దరూ చెప్పిన ఆ రెండు సంఘటనలూ నన్నూ నిద్రపోనివ్వలేదు. కానీ నా అభిప్రాయం వేరు.

నేను ఆడవాళ్ళకు సాయం చేసే ఒక బృందంలో వాలంటీర్‌ని. ఒకావిడ దెబ్బలు తిని 911కి ఫోన్ చేసింది. వచ్చిన ఆఫీసర్‌కి తెలుగు రాదు, ఆవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఫోన్లో దుబాసీని పెట్టే సదుపాయం ఉంటుంది, ఆ రాత్రి వాడలేదు. ఎవరు అనువాదం చేశారో తెలుసా? కొట్టిన మొగుడే. రిపోర్టులో ఏం రాసి ఉంటారో మీరే ఊహించుకోండి. ఆ గుమ్మంలో మన భాష తెలిసిన ఒక్క ఆడ ఆఫీసర్ నిలబడి ఉంటే ఆ కుటుంబం కథ వేరేగా ఉండేది. అమెరికాలో పోలీసు ఆఫీసర్లలో ఆడవాళ్ళు 12 శాతం దగ్గరే ఉన్నారు. 2030 నాటికి అకాడమీ బ్యాచ్‌ల్లో 30 శాతం చేరాలని 2021లో ‘థర్టీ బై థర్టీ’ అని ఒక ప్రయత్నం మొదలైంది. అది ఎవరో వచ్చి చేసిపెట్టరు కదా.

నిజం_నిష్ఠూరం
కృష్ణాతీరం గారూ, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఒక్క మనిషి లోపలికి వెళ్తే ఆ శాఖ మారిపోతుందా అనేదే నా ప్రశ్న. శాఖే ఆ మనిషిని మార్చేస్తుందని నా భయం.

కృష్ణాతీరం
ఒక్కరితో మారదు. కానీ తేడా ఏమీ ఉండదనడం కూడా సరికాదు. షికాగో పోలీసుల రికార్డుల మీద 2021లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒకే ప్రాంతంలో, ఒకే రకం డ్యూటీలో ఉన్నవాళ్ళని పోల్చి చూశారు. తెల్ల ఆఫీసర్ల కంటే నల్లజాతి ఆఫీసర్లు తక్కువ మందిని ఆపారు, తక్కువ మందిని అరెస్టు చేశారు, బలప్రయోగం కూడా తక్కువ. మగవాళ్ళతో పోలిస్తే ఆడ ఆఫీసర్లు బలం వాడటం తక్కువని తేలింది. ఎవరు యూనిఫాంలో ఉన్నారన్నది లెక్కలోకి వస్తుంది.

సార్జెంట్_బాబాయ్
టెక్సాస్‌లో పనిచేస్తున్నాను, సర్వీసు చాలానే అయింది. నియామకాల విభాగంలో కూడా కొంతకాలం ఉన్నాను. గోదారిగట్టు గారు అడిగిన అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

అప్లికేషన్ నింపడం అందరికీ చేతనవుతుంది. ఆ తర్వాత వరుస ఇదీ: రాత పరీక్ష, శారీరక పరీక్ష, ఓరల్ బోర్డు ఇంటర్వ్యూ, బ్యాక్‌గ్రౌండ్ విచారణ, కొన్ని శాఖల్లో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), సైకాలజిస్టు, మెడికల్. అప్పుడు అకాడమీ. చాలాచోట్ల ఈ వరుస పూర్తవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈ మధ్యలో అభ్యర్థికి పైసా రాదు, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాళ్ళు ఉండరు. ఇంట్లో పోలీసు ఉన్నవాడికి మామయ్యో అన్నయ్యో ‘ఇది మామూలే, ఓపిక పట్టు, ఆ ఫారం ఇలా నింపు’ అని చెబుతాడు. మన పిల్లలకి ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. అందుకే జారిపోతారు. తెలివి లేకా కాదు, ఒళ్ళు వంగకా కాదు.

మా దగ్గర ఎక్కువ మంది ఆగిపోయేది బ్యాక్‌గ్రౌండ్ దగ్గరే. గత పదేళ్ళలో ఉన్న అడ్రసులన్నీ, చేసిన ఉద్యోగాలన్నీ, రూమ్మేట్ల పేర్లు, అప్పులు, ట్రాఫిక్ టికెట్లు అన్నీ రాయాలి. విచారణాధికారి ఇంటి పక్కవాళ్ళ తలుపు కొడతాడు. మన ఆంటీలు పోలీసుని చూసి కంగారుపడి ‘ఆ అబ్బాయి మాకు తెలీదండీ’ అంటారు. పదేళ్ళుగా దసరాకి ఇంట్లో భోంచేసిన పిల్లాడు! ఆ ఒక్క మాటతో ఫైలు అక్కడ ఆగుతుంది.

నేనైతే గ్రాంటు డబ్బు మొత్తం అప్లికేషన్ పెట్టాక మొదలయ్యే పనికే పెడతాను. స్టాల్‌కి ఒక్క డాలర్ కూడా వద్దు.

వేపచెట్టు
ఆంటీల సంగతి నూటికి నూరు శాతం నిజం బాబాయ్. మా పక్కింటావిడ ఫెడెక్స్ వాడొచ్చినా నేను ఇంట్లో లేనని చెప్పేస్తుంది.

చిత్తూరు_కుర్రోడు
బాబాయ్ రాసింది చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. రాత పరీక్ష పాసయ్యా, పరుగు పాసయ్యా, ఇంటర్వ్యూ కూడా బాగానే చేశా. తర్వాత నెలల తరబడి నిశ్శబ్దం. ఈమెయిల్ పెడితే ‘మీ ఫైలు పరిశీలనలో ఉంది’ అని ఆటోమేటిక్ జవాబు. ఇంట్లో నాన్న రోజూ అడుగుతున్నారు. ఈలోగా ఐటీ సపోర్ట్‌లో ఉద్యోగం వచ్చింది, చేరిపోయా. ఆ తర్వాత ఒకరోజు విచారణాధికారి ఫోన్ చేశారు. అప్పటికి మనసు విరిగిపోయింది. శాఖ పేరు చెప్పను. వారానికి ఒకసారి ఎవరో ఒకరు ‘ఏరా, ఎంతదాకా వచ్చింది’ అని అడిగి ఉంటే నేను ఆగేవాణ్ణి.

సార్జెంట్_బాబాయ్
తమ్ముడూ, వయసుంటే మళ్ళీ పెట్టు. తిరస్కరించకుండా నువ్వే మానుకున్న ఫైలుని చాలా శాఖలు మళ్ళీ తీసుకుంటాయి. నాకు ప్రైవేట్ మెసేజ్ చెయ్యి.

లెక్కలక్క
నేను నాన్‌ప్రాఫిట్లకి లెక్కలు చూస్తాను. గోదారిగట్టు గారూ, కమిటీ ఓటు వేసేముందు డబ్బు సంగతి తెలుసుకోండి, తర్వాత ఏడవకండి.

గ్రాంటు వచ్చిందంటే చెక్కు చేతికి వచ్చిందనుకుంటారు. ఎక్కువ గ్రాంట్లలో ముందు మీరు ఖర్చుపెట్టాలి, బిల్లులు చూపిస్తే తర్వాత తిరిగి ఇస్తారు. మీ సంఘం బ్యాంకులో మూడు నాలుగు నెలల ఖర్చు భరించే డబ్బుందా? లేకపోతే అడ్వాన్స్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

స్థానిక ప్రభుత్వం ఇస్తోందంటున్నారు, కానీ దాని వెనక ఫెడరల్ డబ్బు ఉండొచ్చు. ఉంటే ఫెడరల్ నిబంధనలు మీ మెడకి చుట్టుకుంటాయి. యూఈఐ అని ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలకిచ్చే గుర్తింపు నంబరు కావాలి. అది శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్లో ఉచితం, డబ్బులిస్తే చేసిపెడతాం అని వచ్చే ఈమెయిళ్ళని నమ్మకండి. విడిగా లెక్కలు చూపకుండానే ఆఫీసు ఖర్చుల కింద వేసుకోగల రేటు 2024 అక్టోబరు నుంచి 10 శాతం బదులు 15 శాతం దాకా చేశారు, అది అడగడం మర్చిపోకండి. చిన్న సంఘాలు మొహమాటంతో వదిలేసుకుంటాయి. జీతం తీసుకునే మనిషి ఏ రోజు ఎన్ని గంటలు ఈ పని చేశాడో టైమ్ షీట్ ఉండాలి. ఉగాది భోజనాల బిల్లు ఇందులో కలిపారంటే ఆడిట్‌లో దొరికిపోతారు.

ఇంకో మాట. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయ శాఖ వందల గ్రాంట్లని మధ్యలోనే రద్దు చేసింది. వాటిలో చాలా వరకు నాన్‌ప్రాఫిట్లవే. మనుషుల్ని పనిలో పెట్టుకుని, ఆఫీసు అద్దెకి తీసుకుని, రాత్రికి రాత్రి నిధులు ఆగిపోయినవాళ్ళని నేను చూశాను. కాబట్టి ఏడాది లీజులు రాయకండి.

గోదారిగట్టు
అక్కా, నిబంధనల్లో ఒక లైను ఉంది, దాని గురించి కూడా చెప్పండి. ‘అర్హులైన అభ్యర్థి ఒక్కొక్కరికి ఇంత’ అని కొంత మొత్తం ఫలితాలతో ముడిపెట్టారు.

లెక్కలక్క
అదే నాకు నచ్చని భాగం. తలకి ఇంత అని లెక్క పెడితే ఏమవుతుంది? ఇష్టం లేని పిల్లాడిని కూడా బతిమాలి ఫారం నింపిస్తారు. ఎంత దూరం వెళ్ళారన్నది కాకుండా ఎంతమంది పేర్లిచ్చారన్నదే పని అయిపోతుంది. చెల్లింపు దశలవారీగా అడగండి: బ్యాక్‌గ్రౌండ్ ప్యాకెట్ పూర్తిగా నింపి ఇచ్చినప్పుడు కొంత, ఓరల్ బోర్డుకి హాజరైనప్పుడు కొంత. అభ్యర్థి ఆలోచించుకుని ‘నాకు ఈ ఉద్యోగం వద్దు’ అన్నా సంఘం నష్టపోకూడదు.

నిజం_నిష్ఠూరం
లెక్కలక్క చెప్పిన ఈ చివరి మాటకి నేను పూర్తిగా ఒప్పుకుంటా. తలకి ఇంత అంటే అది బ్రోకర్ పని. ఆ లైను ఉంటే కమిటీలో నా ఓటు వ్యతిరేకమే.

పాలమూరు_పిల్లోడు
నాకో అనుమానం. పోలీసులకి నియామకాల కోసం ఫెడరల్ డబ్బు ఎప్పటినుంచో ఇస్తున్నారు కదా, మళ్ళీ సంఘాలకెందుకు?

లెక్కలక్క
అది వేరు. 1994 నేర నియంత్రణ చట్టంతో ఫెడరల్ న్యాయ శాఖలో వచ్చిన కాప్స్ ఆఫీసు నియామక గ్రాంటు పోలీసు శాఖలకే ఇస్తుంది. కొత్త ఆఫీసర్ జీతంలో 75 శాతం దాకా, మూడేళ్ళకి ఒక్కో పోస్టుకి గరిష్ఠంగా 1,25,000 డాలర్లు. మిగతాది ఊరు పెట్టుకోవాలి. అంటే పోస్టుకి డబ్బు ఉంది. ఆ పోస్టులో కూర్చునే మనిషి దొరకట్లేదు, దొరికినా చివరిదాకా నిలవట్లేదు. సంఘాలని పిలుస్తున్నది అందుకే.

న్యూజెర్సీ_అమ్మ
మా అమ్మాయి పోలీసు అకాడమీలో ఉంది. వేపచెట్టు గారు నవ్వుతూ అన్నది మా ఇంట్లో నిజంగా జరిగింది. మా ఆయన అమ్మాయితో ఆర్నెల్లు మాట్లాడలేదు. నాకు మాత్రం భయం, అంతే. 2019లో హ్యూస్టన్‌లో సిక్కు డిప్యూటీ సందీప్ ధలివాల్‌ని ట్రాఫిక్ స్టాప్‌లో వెనకనుంచి కాల్చేసిన వార్త నా కళ్ళ ముందే ఉండేది. తలపాగాతో డ్యూటీ చేయడానికి 2015లో ఆయన కోసమే హ్యారిస్ కౌంటీ నిబంధన మార్చింది. ఎంతమంది పిల్లలు ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నారో. అలాంటి మనిషిని పోగొట్టుకున్నాం.

నన్ను ఒప్పించింది మా అమ్మాయి కాదు, ఒక ఆఫీసర్ తల్లి. చర్చి బృందం వాళ్ళు తల్లిదండ్రుల కోసం ఒక సాయంత్రం పెట్టారు. పోలీసులెవరూ లేరు, పోస్టర్లు లేవు. ఆఫీసర్ల అమ్మలు, భార్యలు కూర్చుని షిఫ్టులు ఎలా ఉంటాయి, నిద్ర పట్టని రాత్రులు ఎలా గడుస్తాయి, బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ వేసుకున్నారా అని రోజూ అడగొచ్చా లేదా, అన్నీ చెప్పారు. దాచలేదు. ఇంటికి వచ్చాక ఆయన మొదటిసారి మా అమ్మాయిని ‘పరుగు ప్రాక్టీస్ ఎన్నింటికి’ అని అడిగారు. గోదారిగట్టు గారూ, మీ గ్రాంటులో ఇది పెట్టండి.

వేపచెట్టు
అమ్మా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి ఆల్ ది బెస్ట్.

పాలమూరు_పిల్లోడు
మా వాళ్ళు పక్కనే న్యూయార్క్‌లో ఉంటారు. అక్కడ పోలీసు ఉద్యోగానికి కాలేజీ క్రెడిట్లు 60 అడిగేది 2025 ఫిబ్రవరిలో 24కి తగ్గించారు, అదే సమయంలో తీసేసిన 1.5 మైళ్ళ పరుగు మళ్ళీ పెట్టారు. అప్లికేషన్లు బాగా పెరిగాయని చెప్పారు. గ్రాంట్ల కంటే ఇలాంటి గేట్లు తెరవడమే మేలు కాదా?

సార్జెంట్_బాబాయ్
గేటు తెరిస్తే లోపలికి వచ్చేవాళ్ళు పెరుగుతారు, చివరిదాకా నిలబడేవాళ్ళు పెరగాలంటే వేరే పని కావాలి. రెండూ కావాలి.

కృష్ణాతీరం
దీని మీద రెండు మంచి ప్రయోగాలు ఉన్నాయి. టెనెసీలో చాటనూగా పోలీసు శాఖ జనానికి పోస్టుకార్డులు పంపింది. ‘ప్రజాసేవ చేయండి’ అన్న కార్డుకి స్పందన పెద్దగా లేదు. ‘ఇది సవాలున్న ఉద్యోగం, తట్టుకోగలరా’, ‘ఇది జీవితకాలపు కెరీర్’ అన్న కార్డులు అందుకున్నవాళ్ళు దరఖాస్తు చేసే అవకాశం మూడు రెట్లు పెరిగింది. ఆడవాళ్ళు, మైనారిటీ వర్గాల్లో ప్రభావం ఇంకా బలంగా కనిపించింది. మన బ్యానర్ల మీద ఎప్పుడూ సేవ, సేవ అనే రాస్తాం.

రెండోది ఇంగ్లండ్‌లో ఏవన్ అండ్ సోమర్‌సెట్ పోలీసులది. ఒక ఆన్‌లైన్ పరీక్ష దగ్గర మైనారిటీ అభ్యర్థులు ఎక్కువగా పడిపోతున్నారు. పరీక్ష ముట్టుకోలేదు, దానికి పిలిచే ఈమెయిల్ మాత్రం మార్చారు. మాట తీరు స్నేహంగా చేసి, మీకు ఈ ఉద్యోగం ఎందుకు ముఖ్యమో, మీ సమాజానికి ఎందుకు ముఖ్యమో ఒక్క నిమిషం ఆలోచించమన్నారు. మైనారిటీ అభ్యర్థులు పాసయ్యే అవకాశం 50 శాతం పెరిగింది, తెల్లవాళ్ళలో మార్పు లేదు.

చిత్తూరు_కుర్రోడు
ఈమెయిల్‌కే అంత తేడా వస్తే, మనిషి ఫోన్ చేస్తే ఇంకెంత వస్తుందో.

కొల్లేటికొంగ
అసలు మన పిల్లల్లో ఎంతమంది అర్హులు? సగం మంది హెచ్4 (హెచ్1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నారు, గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో తెలీదు.

గోదారిగట్టు
కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి పౌరసత్వం తప్పనిసరి కాదు. ఎస్‌బి 960 చట్టం ప్రకారం అమెరికాలో పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉండాలి. కానీ హెచ్4లో ఉన్న పిల్లలకి ఆ అనుమతే ఉండదు, కాబట్టి మీరన్నది నిజమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం దారి తెరుచుకుంది.

సార్జెంట్_బాబాయ్
మా టెక్సాస్‌లో పౌరసత్వం కావాలి, మిలిటరీలో చేసొచ్చిన గ్రీన్ కార్డు వాళ్ళకే కొంత మినహాయింపు. న్యూయార్క్‌లోనూ ఉద్యోగంలో చేరే రోజుకి సిటిజన్ అయ్యుండాలి. ఇల్లినాయ్‌లో 2024 నుంచి పని అనుమతి ఉన్నవాళ్ళకి అవకాశం ఇచ్చారు. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, సంఘం ఎవరికైనా ఆశ పెట్టేముందు ఇది చూసుకోవాలి.

కాలిఫోర్నియావాళ్ళకి ఇంకో చిక్కు వయసు. 2022 నుంచి 21 ఏళ్ళు నిండితేనే నియామకం. హైస్కూల్ అయిన పిల్లాడు ఉత్సాహంగా వస్తే మూడేళ్ళు ఏం చేయాలి? ఆ మూడేళ్ళలో క్యాడెట్ ఉద్యోగమో, 911 కాల్స్ తీసుకునే డిస్పాచ్‌లో పనో, కమ్యూనిటీ సర్వీస్ ఆఫీసర్ పనో చూపించాలి. లేదంటే ఆ పిల్లాడు తిరిగి రాడు. ఇది కూడా సంఘం చేయగల పనే, డబ్బు కూడా పెద్దగా అవసరం లేదు.

కొల్లేటికొంగ
పేర్ల గొడవ గురించి ఎవరూ రాయలేదేంటి? మా తమ్ముడి పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు, వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడింది. అంటే మొదటి పేరు తెలియదని! డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, కాలేజీ డిగ్రీలో ఇంకోలా, టెన్త్ సర్టిఫికెట్‌లో మరోలా. బ్యాక్‌గ్రౌండ్ చూసేవాడికి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాడు.

సార్జెంట్_బాబాయ్
కొంగ గారు పెద్ద విషయమే పట్టుకున్నారు. ఇది ఆగిపోయే ఫైళ్ళలో మామూలే. ముందే ఒక పేజీ రాసి పెట్టాలి: ఇంటిపేరు ఎక్కడ వస్తుంది, ఏ కాగితంలో ఎలా ఉంది, ఎందుకు. దానికి నోటరీ చేయించిన ప్రమాణపత్రం జత చేయాలి. జనన ధృవీకరణ లేనివాళ్ళు ఊళ్ళో మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో ‘రికార్డు లభ్యం కాదు’ అన్న పత్రం తెప్పించుకోవాలి, టెన్త్ మెమో దగ్గర పెట్టుకోవాలి. అక్కడినుంచి కాగితం రావడానికి నెలలు పడుతుంది కాబట్టి అప్లికేషన్ పెట్టిన రోజే మొదలుపెట్టాలి. అమెరికాలో పుట్టిన పోలీసు రిక్రూటర్‌కి ఇది తెలియదు, తెలుగు సంఘంలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. మీ సంఘానికి గ్రాంటు ఎందుకివ్వాలని అడిగితే ఈ ఒక్క విషయం రాయండి.

లెక్కలక్క
ఇది ప్రతిపాదనలో తప్పకుండా రాయాలి. ‘మేము అవగాహన పెంచుతాం’ అని అందరూ రాస్తారు.

గోదారిగట్టు
ఇప్పటిదాకా వచ్చినవి కలిపి ఒక చిత్తు ప్రతి రాశాను. జీతం మీద సగం రోజు పనిచేసే ఒక మనిషి. ప్రతి అభ్యర్థికీ వారం వారం ఫోన్ చేయడం, కాగితాలు చూడటం ఆ మనిషి పని. తల్లిదండ్రుల సాయంత్రాలు, రిటైరైన ఆఫీసర్లతో ఉత్తుత్తి ఓరల్ బోర్డులు, వేలిముద్రలూ సర్టిఫికెట్ల ఫీజులూ కట్టలేనివాళ్ళకి సాయం. సిటిజన్‌షిప్ ఫారం ఆన్‌లైన్‌లో పెడితే 710 డాలర్లు, అది కూడా గ్రాంటులో వేయొచ్చా అని ప్రభుత్వాన్ని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. బ్యానర్లు తీసేశాను. ప్రెసిడెంట్ గారికి కొంచెం కోపం వచ్చింది.

నిజం_నిష్ఠూరం గారూ, మీ మాట తీసుకుని ఇంకో షరతు పెట్టాను. ఈ పని చేసే గది, ఫోన్ నంబరు, మనిషి మన సహాయ కేంద్రానికి పూర్తిగా వేరు. సాయం కోసం వచ్చినవాళ్ళ పేరు గానీ వివరం గానీ అటు వెళ్ళదు, పోలీసు శాఖకి అభ్యర్థుల సమాచారం వాళ్ళ సంతకం లేకుండా వెళ్ళదు.

నిజం_నిష్ఠూరం
రాతలో ఉంటే చదువుతాను. ఇంకో రెండు చేర్చండి. అభ్యర్థులకి సియాటిల్ లాంటి కేసులు దాచకుండా చెప్పే ఒక సెషన్ ఉండాలి, ఆ కేసుల్లో బాధిత కుటుంబాల తరఫున పనిచేసినవాళ్ళే వచ్చి మాట్లాడాలి. లోపల తప్పు చూస్తే ఎవరికి చెప్పాలో, చెప్పాక ఏం జరుగుతుందో పిల్లలకి ముందే తెలియాలి. రెండోది, ఈ గ్రాంటు తీసుకున్నందుకు పోలీసుల మీద బహిరంగంగా మాట్లాడే హక్కు సంఘం వదులుకోకూడదు. ఒప్పందంలో అలాంటి వాక్యం ఒక్కటి ఉన్నా సంతకం పెట్టొద్దు. ఈ రెండూ ఉంటే నా ఓటు వ్యతిరేకం కాదు. అనుకూలమని కూడా చెప్పట్లేదు.

సార్జెంట్_బాబాయ్
మొదటి దానికి నన్ను పిలవండి, నేనూ ఆ గదిలో కూర్చుంటాను. సియాటిల్ ఫోన్ రికార్డింగ్ విన్న రోజు యూనిఫాం వేసుకోవడానికి సిగ్గేసింది. అలా నవ్వేవాడి పక్కన నిలబడి ‘ఆపు’ అనగలిగిన మనిషి శాఖలో ఉండాలి. నేను పిల్లల్ని రమ్మనేది అందుకే.

పాలమూరు_పిల్లోడు
శారీరక పరీక్షకి ఏం ప్రాక్టీస్ చేయాలి బాబాయ్? మా తమ్ముడు కాలిఫోర్నియాలోనే పెడతాడట.

సార్జెంట్_బాబాయ్
శాఖని బట్టి మారుతుంది. అక్కడి అకాడమీ పరీక్షలో 99 గజాల అడ్డంకుల పరుగు, ఆరడుగుల గోడ ఒకటి, ఆరడుగుల కంచె ఒకటి ఎక్కి దాటడం, 165 పౌండ్ల బొమ్మని 32 అడుగులు లాగడం, 500 గజాల పరుగు ఉంటాయి. పరుగు అందరూ ప్రాక్టీస్ చేస్తారు, గోడ ఎవరూ చేయరు. పడిపోయేది అక్కడే. చేతుల బలం కంటే పద్ధతి ముఖ్యం, అది నేర్పితే వస్తుంది.

వేపచెట్టు
165 పౌండ్ల బొమ్మ దొరక్కపోతే మా బావమరిదిని పంపిస్తా, ఆదివారాలు సోఫాలోంచి లాగితే ప్రాక్టీస్ అయిపోతుంది.

మోడరేటర్
చర్చ బాగా నడుస్తోంది. ఎవరి ఫైలు గురించి రాసినా శాఖ పేరు, విచారణాధికారి పేరు రాయొద్దని మనవి.

గుంటూరు_గోంగూర
ఆలస్యంగా చూశాను. మా అమ్మాయికి వచ్చే వారం బ్యాక్‌గ్రౌండ్ ఇంటర్వ్యూ. కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి స్నేహితులతో గంజాయి తాగిందట, ఫారంలో రాయాలా వద్దా అని ఏడుస్తోంది. ఇంట్లో వాళ్ళు రాయొద్దంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

సార్జెంట్_బాబాయ్
ఫారంలో ప్రశ్న ఎంతవరకు అడిగిందో అంతవరకు నిజమే రాయమనండి. ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడిగితే అదీ రాయాలి. ఒకసారి ఎప్పుడో తాగినందుకు తీసేసిన ఫైళ్ళు నేను చూసింది తక్కువ, దాచినందుకు తీసేసినవి చాలా. ఒక శాఖలో అబద్ధం చెప్పినట్టు నమోదైతే మిగతా శాఖల్లోనూ అడుగుతారు. అమ్మాయికి ఇష్టమైతే ఈ రాత్రి ఎనిమిది తర్వాత నాకు ఫోన్ చేయించండి, నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెడుతున్నా.

న్యూజెర్సీ_అమ్మ
మా అమ్మాయిని కూడా మాట్లాడమంటాను. ఆదివారం అకాడమీకి సెలవు.